వియ్యపురాలు బువ్వకొచ్చిన నాడు

నేరేడుచర్ల దిక్కు గొల్లోళ్ళ ఇండ్లల్ల లక్ష్మీనర్సమ్మ పేరు తెల్వనోళ్ళు లేరు. నూటయాభై గొర్ల మంద, రెండు జతల ఎడ్లు, ఒక్క కొడుకు, ఒక్క బిడ్డ. మొగడు గట్టయ్య పోయి పదేండ్లయినా ఆ ఇంట్ల మొగదిక్కు లేదన్న మాట ఎవల నోట రానియ్యలే. పెట్టెనాడు కడుపు పగిలేటట్టు పెడ్తది, అనెనాడు బొక్కలిరిగేటట్టు అంటది. మంచిదా చెడ్డదా అని నన్ను అడుగకుండ్రి. కథ ఇనుండ్రి, మీకే ఎర్కయితది.

పోలీసు యాక్షన్ అయినంక వచ్చిన మొదటి మాఘం అది. రెండేండ్లు ఊర్లల్ల పెండ్లి లేదు, పేరంటం లేదు. ఎవలింట్ల పొయ్యి ఎప్పుడారుతదో తెల్వకుంట బతికిండ్రు. ఇగ ఆ ఏడు సూడాలె, ఏ తొవ్వల సూసినా డప్పులే, బండ్లే, చుట్టాలే. లక్ష్మీనర్సమ్మ కూడ మనుమడు సైదులుకు పుట్టెంటికలు పెట్టుకున్నది. మాఘం ఆఖరి ఆదివారం నాడు వాగొడ్డు మైసమ్మ కాడ ఎంటికలు తీపియ్యాలె, రెండు యాటలు కొయ్యాలె, చుట్టాలందరు చెట్లకింద కూసొని తినాలె.

ఆ ఆదివారమే ఎందుకంటే దానికొక లెక్క ఉన్నది. పుట్టెంటికలు బేసి ఏడులనే తీస్తరు. సైదులుకు మూడో ఏడు నడుస్తున్నది, ఇంక తొమ్మిది రోజులైతే నాలుగుల పడ్తడు. నాలుగుల తియ్యరు. అయిదు దాక ఆపుదామంటె లక్ష్మీనర్సమ్మ గుండె ఒప్పుకోదు. రజాకార్లు ఊరి మీద పడ్డనాడు ఆమె పసిపిల్లగాన్ని రొమ్ముకు అదుముకొని జొన్నచేన్ల పండుకున్నది. పదడుగుల అవుతల బూట్లు నడుస్తున్నయి. అప్పుడు మొక్కింది. "తల్లీ మైసమ్మా, వీడు ఏడ్వకుంట సూడు. మూడేండ్లు నిండకముందే వీని ఎంటికలు నీకిస్త. ఇయ్యకపోతె వీన్ని నువ్వే తీస్కపో." అంత మాట అననే అన్నది. పిల్లగాడు ఏడ్వలే. ఆ మాట మాత్రం ఆమె కడుపుల రాయిలెక్క ఉండిపోయింది. పిల్లగానికి తుమ్మొచ్చినా దగ్గొచ్చినా ఆ మాటనే యాదికొచ్చేది.

కొడుకు గౌరయ్య మందతోని ఉంటడు, తల్లి గీసిన గీత దాటడు. కోడలు ఆండాలుది పాలకీడు అవుతలి ఊరు. నోట్లె నాలుక లేని పిల్ల. ఆమె తల్లి పద్మమ్మ మాత్రం మాటకు మాట జవాబు చెప్పే మనిషి. పురుటికి తీస్కపోయిన బిడ్డను మూడో నెల పంపాల్సింది పోయి అయిదో నెల దాక ఉంచుకున్నది. అదీ వియ్యపురాండ్ల నడుమ కుంపటి. అప్పటినుంచి లక్ష్మీనర్సమ్మ కోడలిని పుట్టింటి గడప తొక్కనియ్యలే. గడబిడ రోజులన్నది, గొర్లు ఈనుతున్నయన్నది, వాగొచ్చిందన్నది. రెండున్నరేండ్లు గిట్లనే ఎల్లదీసింది. ఈ పుట్టెంటికలకు మాత్రం పిలువక తప్పలే. మేనమామ కత్తెర పెట్టాలె, ఆండాలు తల్లి ఒడిబియ్యం పొయ్యాలె. పసుపు కలిపిన బియ్యం ఆడబిడ్డ కొంగుల పోస్తె, అవి అత్తగారింట్ల వండుకొని అందరు తినాలె. ఆండాలు నెల రోజులనుంచి వేళ్ళ మీద దినాలు లెక్కపెట్టుకుంటున్నది.

లక్ష్మీనర్సమ్మ బిడ్డ బుచ్చమ్మ కోదాడల ఉంటది. తొలిచూలు, ఆరో నెల. ఆ పిల్ల పేరెత్తితే చాలు లక్ష్మీనర్సమ్మ గొంతే మారుతది. "బండి కుదుపులకు ఆగదు, నువ్వు రావొద్దు బిడ్డా. ఏడో నెల పడంగనే పురుటికి తోలుకొస్త" అని కబురు పంపింది. తన బిడ్డంటే అంత పాణం. పక్కోళ్ళ బిడ్డకు కూడ తల్లి ఉంటదన్న సంగతి మాత్రం ఎన్నడు తల్సుకోలే.

ఆదివారం తెల్లారంగనే లక్ష్మీనర్సమ్మ దొడ్ల పేడ ఎత్తుతున్నది. ఇంట్ల ఇంక ఎవలు లేవలే. తడక అవుతల ఒక ముసలాయన వచ్చి నిలబడ్డడు. తలగుడ్డ తీసి చేతుల పట్టుకున్నడు. మోకాళ్ళ దాక దుమ్ము. ఆండాలు పుట్టింటి ఊరి నాగయ్య. ఆ ఊళ్ళె సావు కబుర్లు మోసేది ఆయనే.

"అక్కా, పద్మమ్మ పోయింది," అన్నడు మెల్లగ. "నిన్న పొద్దుగూకంగ. నాలుగు రోజులాయె జరం పట్టి. బిడ్డను సూడాలె, బిడ్డను సూడాలె అనుకుంట పాణం ఇడిసింది. ఆండాలమ్మను జల్ది తోలుకరమ్మన్నరు. పొద్దు వాలెదాక మట్టి ఆపుతరట."

లక్ష్మీనర్సమ్మ చేతుల పేడ చేతులనే ఉన్నది. ఎనుకకు తిరిగి ఇంటి దిక్కు సూసింది. తల్లి సచ్చిన ఆడిది పిల్లగాన్ని ఒళ్ళె కూసోబెట్టుకొని ఎంటికలు తీపియ్యదు. అంటు. కబురు చెవిన పడ్డ ఘడియనుంచి అంటు, పడకపోతే లేదు. మా దిక్కు ఇది అందరికి తెలిసిన లెక్కనే. లగ్గం నడుమ సావు కబురొస్తే తాళి పడెదాక దాచిపెట్టిన పెద్దమనుషులు ఊరికి నలుగురుంటరు.

"ఊళ్ళె ఎవలికన్న చెప్పినవా?"

"లేదక్కా. సక్కగ నీ కాడికే వచ్చిన."

"మంచిపని చేసినవ్. ఎవలకు చెప్పకు. ఆ పిల్లది పిట్టగుండె, ఇన్నదంటే ఈడనే కూలవడ్తది. బండి కట్టి తోలుకొస్త, తొవ్వల నేనే మెల్లగ చెప్త. నువ్వు ముందుగాల నడువు."

నాగయ్యను కొట్టం ఎనుక కూసోబెట్టి ఆకుల జొన్నగటుక, తొక్కు పెట్టింది. రాత్రంత నడిచిన మనిషి ఆవురావురుమని తిన్నడు. నీళ్ళు తాగి, దండం పెట్టి పోయిండు. లక్ష్మీనర్సమ్మ ఆ ఇస్తరాకును పెంట కింద తొక్కి, చేతులు కడుక్కొని ఇంట్లకు వచ్చింది.

"ఎవలొచ్చిండ్రత్తా? మాటలినవడ్డయి," అన్నది ఆండాలు, కొప్పు ముడుసుకుంట.

"ఎవలు రాలే. గొర్రెను అదిలిచ్చిన," అన్నది లక్ష్మీనర్సమ్మ.

నాలుగు బండ్లు కట్టుకొని వాగొడ్డుకు పోయిండ్రు. గంజులు, కట్టెలు, మోదుగాకు ఇస్తర్లు, యాటలు, డప్పు. చుట్టాలు అరవై మంది దాక ఉన్నరు. ఆండాలు బండి దిగిన కాడినుంచి వాగు కట్ట మీది తొవ్వనే సూస్తున్నది. ప్రతి దుమ్ముకు లేచి నిలబడ్తది, మళ్ళ కూసుంటది.

"మీ అమ్మోళ్ళు ఎన్నడు యాళ్ళకొచ్చిండ్రు గనుక," అన్నది లక్ష్మీనర్సమ్మ. "మంగలాయనకు ఇంకో ఊరు పోయేదున్నది. ఐలన్న వరుసకు పిల్లగానికి మేనమామనే అయితడు. ఆయన కత్తెర పెడ్తడు, కానియ్యి."

ఆండాలు కండ్లల్ల నీళ్ళు తీసుకున్నది గని ఎదురు చెప్పలే. పిల్లగాన్ని ఒళ్ళె పెట్టుకొని కూసున్నది. ఐలన్న ఒక కుచ్చె కత్తిరిచ్చిండు, తర్వాత మంగలాయన నున్నగ చేసిండు. ఎంటికలు మైసమ్మ ముందట పడ్డయి, యాట తల తెగింది. లక్ష్మీనర్సమ్మ గుండు మీద పసుపు రాసి పిల్లగాన్ని ఎత్తుకున్నది. ఇన్ని దినాల రాయి కడుపులనుంచి దిగిపోయింది. పోయినామె ఎట్లాగు పోయింది, ఉన్నోళ్ళ సంగతి సూడాలె గద, అనుకున్నది. రేపు చెప్తే ఏడుస్తది, నాలుగు దినాలు ఏడ్చి ఊకుంటది. లోకంల ఎవలి తల్లులు సావలేదు?

మిట్టమధ్యాహ్నమైంది. గాలి లేదు. వాగు ఇసుక మీద ఎండ తెల్లగ మండుతున్నది. గంజుల మీద మూతలు తీస్తుంటే మసాల వాసన చెట్లకింద నిండిపోయింది. ఇస్తర్లు పరిచిండ్రు. ఒక్కొక్కరు వచ్చి వరుసల కూసుంటున్నరు. డప్పాయన కూడ డప్పు పక్కన పెట్టి చెయ్యి కడుక్కోను పోయిండు. అప్పుడు ఆండాలు గొంతు ఇనవడ్డది.

"అత్తా... మా అమ్మొస్తున్నది."

లక్ష్మీనర్సమ్మ చేతుల ఉన్న గంటె గంజుల జారిపడ్డది.

కట్ట మీద ఒక ఆడిది నడిచొస్తున్నది. ఒక్కతే. ఆకుపచ్చ కొత్త చీర, మడతలు కూడ ఇప్పనట్టు గీతలు గీతలుగ ఉన్నది. ముఖం నిండ పసుపు. నుదుట రూపాయిబిళ్ళంత కుంకుమ. రెండు చేతులతోని ఒడి పట్టుకొని, చిన్నచిన్న అడుగులేసుకుంట, తొందర లేకుంట వస్తున్నది. పద్మమ్మనే.

ఆండాలు ఉరికింది. తల్లి మెడ చుట్టు చేతులేసి ఏడ్చింది, నవ్వింది. "బండేదే? అన్నేడే? గింత ఎండల నడిచొచ్చినవా?" అని అడుగుతనే ఉన్నది. తర్వాత చెయ్యి ఎనుకకు తీసుకున్నది. "ఏందే అమ్మా, ఒళ్ళు గింత సల్లగున్నది?"

"తానం చేపిచ్చిండ్రు," అన్నది పద్మమ్మ.

చేసొచ్చిన అనలే. చేపిచ్చిండ్రు అన్నది. ఆ మాట అక్కడ ఒక్క లక్ష్మీనర్సమ్మకే అర్థమైంది. మిగిలినోళ్ళందరు వియ్యపురాలొచ్చిందని సంబురపడ్డరు. ముసలోళ్ళు పరాచికాలాడిండ్రు. "బువ్వ యాళ్ళకు మాత్రం సరిగ్గ వచ్చింది మా వదినె" అన్నరు. పద్మమ్మ నవ్వలే. పెదవులు బిగబట్టుకొని ఉన్నది. బుగ్గలు ఉబ్బి ఉన్నయి. నోట్లె ఆకువక్క ఉన్నదేమో అనుకున్నరు.

వరుసల కూసోబెట్టిండ్రు. మా దిక్కు వియ్యపురాలికి వియ్యపురాలే వడ్డించాలె. మొదటి గంటె కార్జం ముక్కలు ఆమె ఇస్తర్లనే పడాలె. "ఏందక్కా నిలబడ్డవ్, పెట్టు" అని అందరు లక్ష్మీనర్సమ్మను తొందర చేసిండ్రు. నడిచింది.

దగ్గరికి పోతుంటే వాసనొచ్చింది. సాంబ్రాణి. పచ్చి పసుపు. దాని అడుగున ఇంకొకటి, ఎండకు మెల్లగ లేస్తున్నది. వంగి కార్జం ముక్కలు పెట్టింది. ఈగలు ముక్కల మీద వాలలే. అన్నీ పద్మమ్మ ముఖం మీదనే ఉన్నయి. ఒకటి కంటి కొనల నడుస్తున్నది. ఆ కన్ను ఆర్పలేదు.

లక్ష్మీనర్సమ్మ సూపు కిందికి దించింది. చీర అంచు కింద పాదాలు కనవడ్డయి. కుడికాలు బొటనేలుకు తెల్లదారం. ఎడమకాలు బొటనేలుకు తెల్లదారం. నడుమ తెగిపోయి రెండు పోగులు ఏలాడుతున్నయి. పీనుగ కాళ్ళు ఇడిపోకుంట ఎట్ల కడతరో ఆమెకు తెల్వక కాదు. గట్టయ్యకు ఆమెనే కట్టింది.

"కబురు అందిందా వదినె?"

పద్మమ్మ పెదవులు కదలలే. మాట మాత్రం వచ్చింది. నోట్లె ఏదో కుక్కినంక మాట్లాడినట్టు, లోపలనుంచి.

పక్కన ఐలన్న కూసున్నడు. ఎదురుంగ కొడుకు. అరవై మంది కండ్లు.

"ఏం కబురు?" అన్నది. "ఎవలు రాలే."

పద్మమ్మ తలూపింది. బువ్వ కలిపింది. కలుపుతనే ఉన్నది. ముద్ద చేస్తది, ఇస్తర్ల పెడ్తది, మళ్ళ కలుపుతది. ఒక్క ముద్ద నోటికి పోలే. ఆండాలు పక్కనే కూసొని "తినవే అమ్మా" అంటున్నది. "నోరు నిండుగున్నది బిడ్డా" అన్నది తల్లి. పక్కోళ్ళు నవ్విండ్రు. లక్ష్మీనర్సమ్మ నవ్వలే. పీనుగ నోట్లె బియ్యం పోస్తరు. పిడికెడు కొడుకు పోస్తడు, పిడికెడు మొగడు పోస్తడు...

తినుడు అయినంక ఒడిబియ్యం. ఆండాలు పీట మీద కూసొని కొంగు పట్టింది. ఒడిబియ్యం బుట్టల తెస్తరు, మూటల తెస్తరు. పద్మమ్మ తన ఒళ్ళెనుంచే ముడి ఇప్పింది. ముత్తయిదువ సచ్చిపోతే పీనుగను సింగారిచ్చి ఒళ్ళె బియ్యం కట్టి సాగనంపుతరు. ఆ బియ్యం ఇవే. పసుపు బియ్యం జలజల బిడ్డ కొంగుల పడుతున్నయి. నడుమ నడుమ బంతిపూల రెక్కలు పడ్డయి. సాంబ్రాణి బూడిద పడ్డది. ఆండాలు తల వంచుకొని మురిసిపోతున్నది, రెండున్నరేండ్లకు పుట్టింటి బియ్యం ఒళ్ళె పడ్డయని.

ఆమె తల మీదినుంచి పద్మమ్మ లక్ష్మీనర్సమ్మనే సూస్తున్నది.

"నాగయ్య తొవ్వ తప్పేటోడు కాదు వదినె. కబురు అందలేదా?"

"అందలే," అన్నది లక్ష్మీనర్సమ్మ. ఈసారి తన మాట తనకే ఇనవడలే.

అందరు లేచి బండ్లు సదురుకుంటున్నరు. అప్పుడు పద్మమ్మ అల్లుని ముందుకొచ్చి నిలబడ్డది. "నా బిడ్డను తీస్కపోత అయ్యా. సూడాల్సినోళ్ళు ఉన్నరు," అన్నది.

గౌరయ్య మంచోడు. పెండ్లాం ముఖంల గింత ఎలుగు ఎన్నడు సూడలే. "తీస్కపో అత్తా. రెండు దినాలుండి రానియ్యి," అని తల్లి దిక్కు తిరిగిండు. "ఏమంటవమ్మా?"

సైదులు గుండుతోని ఉరికొచ్చి అమ్మమ్మ చీర కుచ్చెళ్ళు పట్టుకున్నడు. లక్ష్మీనర్సమ్మ ఒక్క అంగల పోయి పిల్లగాన్ని గుంజుకున్నది. వాని చేతికి పసుపు అంటుకున్నది. తన కొంగుతోని తుడిసింది. తుడిసింది. తుడిసింది...

"పిల్లగాడు రాడు," అన్నది.

"వద్దులే వదినె. మనుమడు నీకే ఉండనీ." పద్మమ్మ ఇంకింత దగ్గరికొచ్చింది. సల్లటి గాలి, బాయిలనుంచి లేసినట్టు, లక్ష్మీనర్సమ్మ చెంపకు తగిలింది. "కడసారి అడుగుతున్న. కబురు అందిందా?"

ఒక్క మాట చాలు. అందింది అంటే చాలు. ఈమె సచ్చిన మనిషి, నా కోడలిని పట్టుకోండ్రి అంటే అరవై మంది అడ్డం పడ్తరు. గని ఆ మాటతోని పొద్దుగాలటి మాట కూడ బయటికొస్తది. కబురు తన చెవిన పడ్డంక, అంటుల ఎంటికలు తీపిచ్చిందంటరు. మొక్కు చెల్లలేదంటరు. మైసమ్మకు ఇచ్చిన మాట మళ్ళ పిల్లగాని మెడకే సుట్టుకుంటది. లక్ష్మీనర్సమ్మ మనుమని గుండు తడిమింది. కోడలి దిక్కు సూసింది. ఆ పిల్ల రెండు చేతులతోని ఒడి పట్టుకొని, పోవచ్చునా అని అత్త కండ్లల్లకు సూస్తున్నది.

"ఎవలు రాలే," అన్నది లక్ష్మీనర్సమ్మ. "తీస్కపో."

ఇచ్చేసింది. థూ... కన్నతల్లి కడసూపు దక్కనియ్యకపోయె, ఆఖరికి ఆ పిల్లనే పీనుగ చేతుల పెట్టె. తల్లీబిడ్డలు కట్ట ఎక్కి పోతుంటే చుట్టాలు చేతులూపిండ్రు. పద్మమ్మ చిన్నచిన్న అడుగులు. ఆండాలు ఆమె అడుగుల అడుగేసుకుంట మాట్లాడుతనే పోయింది. కట్ట మలుపుల ఇద్దరు కనవడకుంట పోయినంక కూడ కొంచెంసేపు ఆండాలు మాటలు ఇనవడ్డయి. లక్ష్మీనర్సమ్మ ఆ రాత్రి మనుమని పక్కలనే పండుకున్నది.

తెల్లారి పెద్ద పొద్దెక్కంగ ఆండాలు అన్న కాటయ్య వచ్చిండు. గుండు చేపిచ్చుకున్నడు. ఎనుక నాగయ్య ఉన్నడు. వాకిట్లనే నిలబడి కాటయ్య లక్ష్మీనర్సమ్మను ఒక్కటే మాట అడిగిండు.

"మా అమ్మ నీకేం పాపం చేసిందత్తా? పొద్దుగూకెదాక తొవ్వ సూసినం. చెల్లెను పంపకపోతివి."

గౌరయ్యకు అర్థం కాలే. "మీ అమ్మ వచ్చి తోలుకపోయెగద బావా, నిన్న మధ్యాహ్నం," అన్నడు.

కాటయ్య ఆయన దిక్కు సూసిండు. "మా అమ్మ మొన్న పొద్దుగూకంగనే పోయింది. నాగయ్య వచ్చి మీ అమ్మకు చెప్పిండు."

"ఈ అక్కకే చెప్పిన," అన్నడు నాగయ్య. "గటుక పెట్టింది నాకు. తోలుకొస్త, నడువన్నది."

కాటయ్య ఎవలతోని చెప్తున్నడో తెల్వనట్టు నేల సూసుకుంట చెప్పిండు. "మధ్యాహ్నం ఆడోళ్ళు అమ్మ కాడ్నే కూసున్నరు. ఎవలు లేవలే. పాడె మీదికి ఎత్తెటప్పుడు సూస్తే ఒళ్ళె నేను కట్టిన బియ్యం లేవు. ముడి ఎవలు ఇప్పలే, ముడి ముడి లెక్కనే ఉన్నది. కాళ్ళ దారం మాత్రం తెగింది."

గౌరయ్య తలగుడ్డ చుట్టుకొని బావతోని బయటికి నడిచిండు. కట్టలు, చేన్లు, బాయిలు, వాగు... ఇరవై మంది రెండు దినాలు ఎతికిండ్రు. బాయిలల్ల గాలాలేసిండ్రు. పద్మమ్మను పెట్టిన మట్టి కూడ సూసిండ్రు, అది పెట్టినట్టే ఉన్నది. లక్ష్మీనర్సమ్మ గడప కాడ కూసొని మనుమనికి బువ్వ పెట్టుకుంట తొవ్వ సూసింది. వాడు తల్లేదని అడిగితే వస్తదన్నది.

మూడో నాడు బువ్వయాళ్ళకు ఆండాలు వచ్చింది. ఒక్కతే. అదే చీర, ఒళ్ళె బియ్యం అట్లనే ఉన్నయి. గౌరయ్య ఉరికిపోయి చెయ్యి పట్టుకున్నడు. వెచ్చగనే ఉన్నది. ఏడికి పోయినవంటే "మా అమ్మను సాగనంపి వచ్చిన" అన్నది. ఎన్నిసార్లడిగినా అంతే. ఏడ్వలే. అత్తను తిట్టలే. పొయ్యి మీద ఎసరు పెట్టి ఒడిబియ్యం వండింది.

పచ్చటి బువ్వ అందరికి పెట్టింది. లక్ష్మీనర్సమ్మ ఆకలి లేదన్నది. "ఒడిబియ్యం బువ్వ కాదనొద్దత్తా, తిను," అన్నది ఆండాలు మెత్తగ. తిన్నది. ఉడుకుడుకు బువ్వ, పైన పొగలు లేస్తున్నయి. ముద్ద నడుమ మాత్రం సల్లగ ఉన్నది. తినెదాక ఆండాలు ఎదురుంగనే కూసున్నది.

ఆనాటినుంచి ఆండాలే అందరికన్న ముందు లేస్తది. ఇల్లు ఊడుస్తది, గొర్లు ఇడుస్తది, అత్తకు కాళ్ళు పిసుకుతది. ఒక్క మాట అనదు. అంటే బాగుండు, నాలుగు తిట్లు తిడితే కడుపు సల్లబడు అనుకునేది లక్ష్మీనర్సమ్మ. ఫాల్గుణం వచ్చింది. ఒకనాడు తెల్లారంగ దొడ్ల మాటలు ఇనవడి లేచింది. మొగమనిషి గొంతు, మెల్లగ. ఆండాలు గొంతు, అంతకన్న మెల్లగ. పోయి సూసేవరకు తడక కాడ ఆండాలు ఒక్కతే చేతులు కడుక్కుంటున్నది. కింద ఎంగిలి ఆకు. దాంట్ల గటుక మెతుకులు.

"ఎవలొచ్చిండ్రు?" అన్నది లక్ష్మీనర్సమ్మ.

"ఎవలు రాలే అత్తా."

లక్ష్మీనర్సమ్మ తడక దాటి తొవ్వ మీదికి ఉరికింది. ఆ చివరనుంచి ఈ చివర దాక మనిషి లేడు. దుమ్ము కూడ లేవలే. తిరిగొచ్చేసరికి ఆకు లేదు. గోలెం పక్కన కూలవడ్డది. ఆమెకు లోకంల కబురు రావాల్సిన చోటు ఒక్కటే ఉన్నది. కోదాడ.

ఆ పొద్దే కొడుకుతోని బండి కట్టిచ్చింది. ఏడో నెల పడ్డది, బుచ్చమ్మను పురుటికి తోలుకరమ్మన్నది. బండిల మెత్తగ గడ్డి పరిచి, దాని మీద తన బొంత ఏసింది. గౌరయ్య బండెక్కుతుంటే ఆండాలు సద్దిమూట ఇచ్చి, ఏదో మెల్లగ చెప్పింది. గౌరయ్య తలూపిండు. ఏం చెప్పిందో లక్ష్మీనర్సమ్మకు ఇనవడలే.

మూడో నాడు మధ్యాహ్నం బండి తిరిగొచ్చింది. లక్ష్మీనర్సమ్మ దిష్టి తియ్యను పళ్ళెంల ఎర్రనీళ్ళు పట్టుకొని ఎదురుపోయింది. బొంత పరిచినట్టే ఉన్నది. దాని మీద ఎవలు లేరు.

గౌరయ్య ఇంట్లకు రాలే. సక్కగ బాయి కాడికి పోయి, బట్టలతోనే బొక్కెన మీద బొక్కెన నెత్తిన గుమ్మరిచ్చుకున్నడు. తడిబట్టలతోని వచ్చి గడప అవుతలనే నిలబడ్డడు. ఆండాలు కాళ్ళకు నీళ్ళిచ్చింది. అప్పుడు లోపలికొచ్చిండు. ఎండల పడి వచ్చినోళ్ళు తానం చేస్తరు. సావింటికి పోయొచ్చినోళ్ళు కూడ చేస్తరు.

"బుచ్చమ్మేది కొడుకా?"

గౌరయ్య పెండ్లాం దిక్కు ఒకసారి సూసిండు. "మంచిగున్నదమ్మా. బండెక్కనన్నది. ఆదివారం నాడు నడిచొస్తదట."

"నడిచా? కడుపుతోని... గంత దూరం?"

గౌరయ్య పొడిబట్ట తీసుకొని లోపలి అర్రలకు పోయిండు. లక్ష్మీనర్సమ్మ పళ్ళెం కింద పెట్టి, కోడలి కాళ్ళ కాడ కూసున్నది. జన్మల ఎన్నడు ఆ పిల్లను బిడ్డా అని పిలువలే.

"కబురేమన్న ఉంటే చెప్పు బిడ్డా," అన్నది. "నీ కాళ్ళు మొక్కుత. ఉన్నదా, పోయిందా... ఒక్క మాట చెప్పు."

ఆండాలు సైదులుకు బువ్వ కలుపుతున్నది. తల ఎత్తలే.

"ఏం కబురత్తా? ఎవలు రాలే," అన్నది. "ఆదివారం బుచ్చమ్మ వస్తది. బువ్వ నువ్వే వడ్డిద్దువు." పిల్లగాని నోట్లె ముద్ద పెట్టింది.